తంతిలో నేను కలిపిన అక్షరం

నా మీద ఒక అక్షరం బరువుంది. పదకొండేళ్ళ నుంచి మోస్తున్నాను. చెబితే మీకు నవ్వు రావచ్చు, అక్షరానికి బరువేంటని. నేను ఒకటో తరగతి పంతులమ్మని. అక్షరాలతోనే బతికినదాన్ని. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒక్కటే కదా అనుకున్నాను. అలా అనుకుంటూనే యాభై దాటాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నేను సగం చెప్పి సగం మింగేస్తాను. మింగడం నాకు బాగా అలవాటు.

ప్రతి ఆదివారం గుళ్ళో అందరం నిలబడి పాపపు ఒప్పుకోలు చదువుతాం. మేం క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. అందరితో కలిసి గొంతెత్తి చదివే ఆ ఒప్పుకోలు ఎంత సుఖంగా ఉంటుందో చెప్పలేను. అందులో ఎవరి పేరూ ఉండదు, ఏం చేశారో ఉండదు. నేనే ముందు నిలబడి చదివిస్తాను, చదువు వచ్చినదాన్ని కాబట్టి. చదివి కూర్చుంటాను. మనసులో ఏమీ కదలదు. చాలా ఏళ్ళుగా ఏమీ కదలడం లేదు. అది శాంతి అని కొన్నాళ్ళు అనుకున్నాను. కాదు. కాలు మీద కాలు వేసుకుని చాలాసేపు కూర్చుంటే పట్టే తిమ్మిరి లాంటిది.

మాది పల్నాడులో, గుంటూరు నుంచి మాచర్ల పోయే బండి ఆగే ఒక ఊరు. పేరు రాయను. మా ఆయన తాపీమేస్త్రి. సాగర్ దగ్గర డ్యాము పని మొదలైనప్పటి నుంచి అక్కడే ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. పిల్లలు లేరు మాకు. ఆయనకి చదువు రాదు. వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి పేరు మాత్రం రాయడం నా దగ్గర నేర్చుకున్నారు. ఇంటికి వచ్చే ఉత్తరాలు నేనే చదవాలి, జవాబులు నేనే రాయాలి.

ఆయనకి ఒక్కడే తమ్ముడు, దానియేలు. పెళ్ళి కాకముందే రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనే అంటారు. అక్కడ ఒక బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరుగా కుదిరాడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లని, సుందరమ్మని, పెళ్ళి చేసుకున్నాడు. మిల్లు పక్క సందులో చెక్క ఇల్లు కొనుక్కున్నాడు, రేకు కప్పు, గుంజల మీద నిలబెట్టిన ఇల్లు. వాళ్ళకి ఒక కూతురు, రూతు. ఆ ఇంట్లోనే పుట్టింది.

దానియేలు అక్కణ్ణించి పంపిన డబ్బుతోనే మా ఊళ్ళో నాపరాళ్ళ ఇల్లు లేచింది. రాయి రాయి పేర్చింది మా ఆయనే. మూడు గదులు, ముందు వసారా. కాయితం దానియేలు పేరు మీద ఉంది. మీరు ఉండండి, మాకు ఇక్కడ ఉందిగా అని రాశాడు. అంతకుముందు మేం మా అత్తగారి పాకలో ఒక మూల, చీర అడ్డం కట్టుకుని తొమ్మిదేళ్ళు ఉన్నాం. తలుపున్న ఇల్లు నా జీవితంలో అదే మొదటిది. గడియ వేసుకోవచ్చు. వేసిన గడియ వైపు చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

నేను ఆ వాకిలి ఊడ్చాను. మూడురాళ్ళ పొయ్యి తీసేసి మట్టిపొయ్యి పెట్టుకున్నాను. దొడ్లో కరివేపాకు వేశాను. ఊళ్ళో వాళ్ళు మాత్రం దాన్ని రంగమోళ్ళ ఇల్లు అనేవాళ్ళు. పాలమ్మి కూడా, ఎక్కడిదాకా పోతున్నావే అని ఎవరైనా అడిగితే, రంగమోళ్ళ ఇంటిదాకా అనేది. పాలు పోయించుకునేది నేను. ఇల్లు రంగమోళ్ళది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను, నా తప్పు ఆ మంటలోనే మొదలైంది. ఆకలి వల్ల కాదు, ఎవరో బలవంతపెట్టడం వల్ల కాదు.

డ్యాము పని మొదలైన మూడో ఏడు అనుకుంటాను, దానియేలు దగ్గర్నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని మనవాళ్ళని తీసేసి అక్కడి వాళ్ళని పెట్టుకుంటున్నాడు. ఆరు నెలలుగా పని లేదు. రేవులోనూ, కర్రల అడితిల్లోనూ తిరిగాడు. ఎక్కడికి పోయినా నీ దేశం ఏది అని అడుగుతున్నారట. ఇంట్లోంచి ఒక్కో వస్తువూ బయటికి పోతోంది. ముందు గడియారం, తర్వాత సుందరమ్మ కుట్టుమిషను. సందులో తెలుగువాళ్ళంతా ఇళ్ళు అమ్ముకుని ఓడ ఎక్కుతున్నారు. వీధి చివర దుకాణం పెట్టుకున్న చీనా ఆయన వీళ్ళ ఇల్లు అడిగాడు. మంచి ధరే. రెండు వారాల్లో చెప్పమన్నాడు.

ఉత్తరంలో ఇంకా ఇలా రాశాడు. అన్నా, ఇల్లు అమ్మేసి రమ్మంటావా, ఇంకొన్నాళ్ళు ఇక్కడే కాచుకోమంటావా? ఆ డబ్బుతో పాత ఆయిలింజను ఒకటి కొని మన ఊళ్ళో పిండిమిల్లు పెడతాను. ఇంజను సంగతి నాకు తెలుసు గదా, చెడ్డా బాగుచేసుకోగలను. నువ్వు ఎట్లా చెబితే అట్లా. ఉత్తరం చేరేలోపు గడువు దాటిపోతుంది, తంతి కొట్టించు. అన్నీ రాసి, చివర ఒక ముక్క రాశాడు. ఇంటి సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

ఆ శనివారం దీపం దగ్గర కూర్చుని మా ఆయనకి ఉత్తరం చదివి వినిపించాను. చివరి ముక్క చదవలేదు. నోరు దాని మీద నుంచి దాటి, దేవుడు మిమ్మల్ని కాచుగాక అన్న చోటికి వెళ్ళిపోయింది. అనుకుని చేసింది కాదు. అలా జరిగిపోయింది. ఇలాంటి వాక్యం రాయగానే పిల్లల పలక మీద పెట్టినట్టు దాని పక్కన ఇంటూ గుర్తు పెట్టాలనిపిస్తుంది నాకు. అనుకోకుండా ఎవరైనా ఒక వాక్యం దాటేస్తారా? అందులోనూ నాలాంటిది, పిల్లాడు ఒత్తు వదిలేస్తే మళ్ళీ మొదటి నుంచి చదివించేది?

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మేసి రమ్మని తంతి కొట్టు అన్నారు. వాడొస్తే ఊళ్ళో మిల్లు ఉంటుంది, నేనీ వయసులో డ్యాము మీద ఎండలో చావక్కర్లేదు అని కూడా అన్నారు. సోమవారం పొద్దున్నే నా చేతిలో డబ్బు పెట్టి వెళ్ళిపోయారు.

సోమవారం మధ్యాహ్నం బడిపిల్లలని అన్నానికి వదిలి పోస్టాఫీసుకి వెళ్ళాను. అక్కడ తంతి, అదే టెలిగ్రాం, కొట్టేది వెంకటరత్నం గారని, పెద్దాయన. ఇంకో రెండేళ్ళలో పింఛను పుచ్చుకుంటారని చెప్పుకునేవాళ్ళు. తంతులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే పోవాలి. మావాళ్ళకి ఇంగ్లీషు రాదు. అందుకని తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చేవాళ్ళం. పరదేశానికైతే ఒక్కో మాటకీ డబ్బు కాబట్టి రెండు మాటల్లో తేల్చాలి. నేను మిషను బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం ఇంగ్లీషు రాస్తాను.

ఇల్లు అమ్మండి. రాశాను. సరిగ్గానే రాశాను. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. పోస్టాఫీసు కలం పాళీ విరిగి ఉంది, కాయితం మీద పెద్ద మరక పడింది. ఇంకో కాయితం తీసుకున్నాను. నా ముందు ఒకాయన మనియార్డరు గురించి ఏదో వాదిస్తున్నాడు. నాకు టైము దొరికింది. ఆ కాస్త టైములో నేనేం చూశానో చెబుతాను. ఎవరో ఎరగని మనిషి, సుందరమ్మ అనే ఆమె, నా పొయ్యి ముందు కూర్చుని ఉంది. నేను వసారాలో చాప మీద ఉన్నాను. ఎవరిది అమ్మా ఈ ఇల్లు అని ఎవరో అడిగితే ఆమె, మాది, అంటోంది. అంతే చూశాను. రెండో కాయితం మీద ఇల్లు అమ్మకండి అని రాశాను.

తెలుగులో చూస్తే ఒక్క క. అమ్మండికీ అమ్మకండికీ మధ్య ఉన్నది అదొక్కటే. ఇంగ్లీషులో రెండు అక్షరాలు. చక్కగా, గుండ్రంగా రాశాను.

మరక పడకపోతే ఏమయ్యేది? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. ఏమీ అయ్యేది కాదు. మొదటి కాయితం ఇచ్చేసి బడికి పోయేదాన్ని. మరి పాపం మరకదా? కాదు. మరక నాకు ఇంకో కాయితం మాత్రమే ఇచ్చింది.

వెంకటరత్నం గారికి ఒక అలవాటుంది. ఇంగ్లీషు అక్షరాల తెలుగుతో ఎన్ని తకరార్లు వస్తాయో ఆయనకి తెలుసు. అందుకని ఎవరు తంతి ఇచ్చినా పైకి చదివి, అదేనా అని అడిగి, అవునన్నాకే కొట్టేవారు. నాదీ చదివారు. ఇల్లు అమ్మకండి, ఇంతేనా అమ్మా అన్నారు. అంతేనండి అన్నాను. ఆయన వేలు టకటకమని కొట్టింది. ఆ చప్పుడు నాకు బాగానే ఉంది. బడికి వెళ్ళి ఎక్కాలు చెప్పించాను.

ఆ తర్వాత ఏడాదిన్నర.

దానియేలు దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి, తక్కువగా, పొట్టిగా. క్షేమం, క్షేమం. అన్న అమ్మొద్దంటే రావద్దనే అర్థమని వాళ్ళు అనుకున్నారు. ఇక్కడ మా ఆయన, రమ్మని తంతి కొట్టినా రాలేదు, రంగం అంత తీపైందేమో, వాడిష్టం అని బిగుసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ పౌరుషవంతులు. ఒకరినొకరు అడగలేదు. అడగకుండా ఉండటం నాకు ఎంత అనువుగా కుదిరిందో చూడండి. ఒక్కసారి మాత్రం దానియేలు, అన్న వద్దన్నాక ఇంకేం రాసేది అని ఒక ముక్క రాశాడు. దాన్ని కూడా దాటేసి చదివాను. ఈసారి అనుకునే చేశాను.

ఒక్క అక్షరం బరువు అని మొదట్లో రాశాను కదా. అది కూడా నన్ను నేను తగ్గించి చూపించుకోవడమే. ఆ ఒక్క అక్షరానికి ముందొకటీ వెనకొకటీ రెండు వాక్యాలు మింగాను, ఏడాదిన్నర కాలం మింగాను. ఆ ఏడాదిన్నరలో ఏ సోమవారమైనా పోస్టాఫీసుకి పోయి ఇంకో తంతి కొట్టొచ్చు. పొరపాటైంది, అమ్మండి, రండి అని. మొదట్లో ఇంకా కొనేవాళ్ళు దొరికేవాళ్ళేమో. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే బడికి పోయాను, బడి నుంచి ఇంటికొచ్చాను, గడియ వేసుకున్నాను.

చివరికి వాళ్ళు చెప్పకుండానే వచ్చారు. ఒక శనివారం మధ్యాహ్నం మాచర్ల బండి దిగి ముగ్గురు మనుషులు, ఒక రేకుపెట్టె. దానియేలుని నేను పోల్చుకోలేకపోయాను. సుందరమ్మ నా కాళ్ళకి దణ్ణం పెట్టి అక్కా అంది. నేను చూసిన పొయ్యి ముందు మనిషి ఈమె కాదు. ఈమె సన్నగా, భయంగా ఉంది. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. తన మొగుడి డబ్బుతో కట్టిన ఇంటి గుమ్మం అది.

వాళ్ళ ఇల్లు ఏమైందో ఆమే చెప్పింది, ఆ సాయంత్రం, బియ్యం ఏరుతూ. చీనా ఆయన గడువు దాటాక పక్కిల్లు కొనుక్కున్నాడు. సందంతా ఖాళీ అయింది. ఊరికే వదిలేసి పోయిన ఇళ్ళుంటే డబ్బిచ్చి ఎవరు కొంటారు? దానియేలు రేవులో మూటలు మోశాడు. ఆమె పిట్టు ఉడికించి గట్టు మీద అమ్మింది. ఓడ ఖర్చుకి ఇక దారి లేక ఇంటిని చెక్కల కింద అమ్మేశారు. కూలీలొచ్చి గోడలు విప్పుతుంటే ఆమె రూతు చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిందట. ఒక్కో చెక్కా ఊడదీసి బండికెత్తారు. రూతు పుట్టినప్పుడు దానియేలు చెక్క మీద గీసిన గీత ఒకటుంది, పిల్ల ఎంత పొడుగు పెరుగుతుందో కొలుచుకోవడానికి. ఆ చెక్క కూడా పోయింది అక్కా అంది. మామూలుగా చెప్పింది. రాళ్ళు ఏరి పక్కన పెడుతూ చెప్పింది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. తమ్ముణ్ణి చూసి ముందు కావలించుకున్నారు, తర్వాత తిట్టారు. రమ్మంటే అప్పుడెందుకు రాలేదురా అన్నారు. దానియేలు తెల్లబోయాడు. రేకుపెట్టెలో బైబిలు మధ్య దాచుకున్న తంతి కాయితం తీశాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఇంగ్లీషు అక్షరాలు చదవాల్సింది నేనే కదా. కాయితం తీసుకుని చదివాను. అమ్మకండి అని ఉంది. నేను అమ్మండి అనే రాశాను అన్నాను. అది అబద్ధం కూడా కాదు, మొదటి కాయితం మీద అలాగే రాశాను. చూశారా, అప్పుడు మరక పనికొచ్చింది నాకు.

సోమవారం మా ఆయన డ్యాముకి పోలేదు. తమ్ముణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళారు. ఇక్కడ జరిగిన మాటలు మాత్రం నాకు ఒక్కటీ మరపు రాలేదు.

"ఏందయ్యా ఇది?" అన్నారు మా ఆయన, కాయితం కిటికీలోకి తోసి. "అమ్మండి అని రాసిస్తే అమ్మకండి అని కొడతావా? నీ చెయ్యి జారితే ఒక సంసారం నడివీధిన పడింది. నా తమ్ముడు చానా పోగొట్టుకున్నాడు."

వెంకటరత్నం గారు కళ్ళజోడు సర్దుకుని కాయితం చూశారు. అలవాటు ప్రకారం పైకి చదివారు. తేదీ చూశారు. మీరు రాసిచ్చిన కాయితం ఇప్పుడు ఉండదు, కొన్ని నెలలు ఉంచి తగలబెట్టేస్తాం అన్నారు. తర్వాత నా వైపు చూశారు. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు.

"అమ్మా, నేను ఆ రోజు మీకు చదివి వినిపించాను గదా. అప్పుడు మీరేమన్నారో వీళ్ళకి చెప్పండి."

"నాకు గుర్తు లేదండి," అన్నాను.

ఆయన కాయితాన్ని ఉన్న మడతలమీదే మడిచి దానియేలుకి ఇచ్చేశారు.

"ఆమెకి గుర్తు లేకపోతే తప్పు నాదే అయ్యుంటుంది నాయనా," అన్నారు.

ఆయనకి తెలుసు. ఆ రోజే తెలుసు. కానీ ఇద్దరు మగవాళ్ళ ముందు, ఒక ఇంటి ఆడమనిషిని అబద్ధమాడావని అనలేదు. అని ఉంటే ఏమయ్యేది? మా ఆయన నన్ను కొట్టేవారేమో, వెళ్ళగొట్టేవారేమో. ఒకవేళ క్షమించేవారేమో కూడా. ఏదో ఒకటి జరిగి అయిపోయేది. ఆయన మంచితనం నన్ను దీనిలో వదిలేసింది అని కొన్నాళ్ళు ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను. తప్పు చేసినవాళ్ళ బుద్ధి ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుసుకోండి.

మా ఆయన అక్కడితో ఆగలేదు. పై ఆఫీసుకి అర్జీ పెట్టాలన్నారు. అర్జీ ఎవరు రాయాలి? నేనే రాశాను. వెంకటరత్నం గారి అజాగ్రత్త వల్ల ఒక కుటుంబం ఎలా నష్టపోయిందో రెండు పేజీలు రాశాను. అందులో ఒక్క అక్షరం తప్పు పోలేదు. మూడు నెలలకి ఆయన్ని నల్లమల అవతలి ఊరికి బదిలీ చేశారు. పింఛను ముందు ఆ వయసులో. పరుపు చుట్టా, ఒక బిందే, పక్కన భార్యా, ఆయన రైలు కోసం నిలబడి ఉండగా చూశాను. నేను బడిపిల్లలని వరసలో తీసుకుపోతున్నాను. ఆయన నాకు నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. పిల్లలు కూడా పెట్టారు, పంతులమ్మ పెట్టింది కదా అని.

ఇంకొకటి ఉంది. దాన్ని రాయకుండా ముగించాలని చూశాను.

వచ్చిన నెలకే దానియేలు మమ్మల్ని కూర్చోబెట్టి, అన్నా, ఇంటి కాయితం నీ పేరు మీద మార్పిద్దాం అన్నాడు. మా ఆయన కుదరదన్నారు. అందుకు దానియేలు, నేను ఎప్పుడో అనుకున్నదే, వచ్చాక మాట్లాడుకుందామని ఉత్తరంలో కూడా రాశాను గదా, మిల్లు పెడితే దాని పక్కనే రెండు గదులు వేసుకుందామనుకున్నాను, ఇది మీ కోసం కట్టిందే అన్నాడు. నేను గోడకి ఆనుకుని కూర్చుని విన్నాను. ఏడుపు రాలేదు. రావాల్సింది. నేను ఏ ఇంటి కోసం వాళ్ళ ఇంటిని కూల్చానో అది మొదటి నుంచీ నాదే. ఒక్క ఉత్తరం రాసి, ఏంటి మరిదీ నీ మాటకి అర్థం అని అడిగితే సరిపోయేది. తమ్ముడి బలవంతం మీద కాయితం మారింది. పాలమ్మి ఇప్పటికీ రంగమోళ్ళ ఇల్లు అనే అంటుంది.

పిండిమిల్లు వేరేవాళ్ళు పెట్టారు. నేను జొన్నలు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఇంజను చప్పుడులో ఎవరి మాటా వినబడదు, ఆ కాసేపూ నాకు హాయిగా ఉండేది. దానియేలు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కూలికి కుదిరాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన మనిషి, గంపలతో సున్నపురాయి మోశాడు. సున్నం పొగకి కళ్ళు పోతూ వచ్చాయి. చివర్లో రూతు మొహం చేత్తో తడిమి చూసేవాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. వదినా, నువ్వు రాసిందాన్ని వాళ్ళు చెడగొట్టారు, నువ్వేం చేస్తావు అనేవాడు. కిందటేడు పోయాడు. మా ఆయన అంతకుముందే పోయారు, డ్యాములోంచి కాలవకి నీళ్ళు వదిలిన ఏడు, జ్వరంతో.

ఇప్పుడు ఇంట్లో నేనూ సుందరమ్మా ఉన్నాం. రూతు గుంటూరులో నర్సు. పదిహేను రోజులకోసారి తల్లికి ఉత్తరం రాస్తుంది. నేనే చదివి పెడతాను. రంగంలో పెరిగిన మనిషి కాబట్టి సుందరమ్మకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం, రాయడం రాదు. పెద్దమ్మ చదువుతుందిలే అని రూతుకి ధీమా.

మొన్న వానాకాలంలో సుందరమ్మ పలక తెచ్చుకుంది. అక్కా, ప్రతిసారీ నిన్నెందుకు కష్టపెట్టాలి, నా కూతురి ఉత్తరం నేనే చదువుకుంటా, నాకు అక్షరాలు చెప్పు అంది. చెబుతున్నాను. యాభై ఏళ్ళ వేళ్ళు, నెమ్మదిగా తిరుగుతాయి. అ ఆలు అన్నీ వచ్చేశాయి. అం అః కూడా నిన్నటితో అయింది. ఇక హల్లులు. మొదటిది ఏదో మీకూ తెలుసు.

పదకొండేళ్ళుగా ఏటా నలభైమంది పిల్లలకి ఆ అక్షరం నేర్పాను. నాకు ఏమీ కాలేదు. ఈమెకి నేర్పాలంటే మాత్రం నిన్న సాయంత్రం చెయ్యి పైకి లేవలేదు. తలనొప్పి అన్నాను. ఆమె నా నుదుటికి శొంఠి పట్టు వేసింది. పట్టు మండుతుంటే కళ్ళు మూసుకుని పడుకున్నాను. పదకొండేళ్ళలో మొదటిసారి నా లోపల ఏదో కదిలింది. భయమే కావచ్చు. పేరు ఏదైనా అది ఉంది, నేను రాయి కాలేదు అని తెలిసింది.

అందుకే ఇది రాస్తున్నాను. మీకు అని మొదలుపెట్టాను. నిజానికి ఎవరికో ఇప్పుడు తెలుస్తోంది. నోటితో చెప్పలేను, నా నోరు నాకు తెలుసు, సగంలో దాటేస్తుంది. కాయితం దాటెయ్యదు. దీన్ని ఆ తంతి కాయితంతో పాటు దానియేలు బైబిల్లో పెడతాను. గుణింతాలు రావడానికి ఆమెకి ఇంకో ఆరు నెలలు పడుతుంది. ఒత్తులకి ఇంకొన్నాళ్ళు. ఆ తర్వాత ఒక రోజు ఆ బైబిలు తెరిచి వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఇది చదువుతుంది. అప్పటికి నేను ఉంటానో లేదో. ఉంటే ఎదురుగా కూర్చుంటాను. ఆమె నన్ను ఏమన్నా అననీ, ఏమీ అనకపోనీ. క్షమించమని ఇందులో రాయడం లేదు. ఆ మాట రాస్తే జవాబు చెప్పాల్సిన భారం మళ్ళీ ఆమె మీదే పడుతుంది.

రాసిందాన్ని మొత్తం ఒకసారి చదువుకున్నాను. ఏ వాక్యమూ దాటలేదు. ఇల్లు అమ్మకండి అని రాసింది నేను. చదివి వినిపిస్తే అంతేనండి అన్నదీ నేనే. వెంకటరత్నం గారి చెయ్యి జారలేదు. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

ఇవాళ పొద్దున సుందరమ్మ పలక తుడుచుకుని నా ముందు కూర్చుంది. ఈ కాయితాలు పక్కనే ఉన్నాయి. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి అక్కా అని వాటివంక చూసింది. ఆమె చెయ్యి పట్టుకుని పలక మీద క రాయించాను. ఇది క, పలుకు అన్నాను. పలికింది. రెండోసారి తనంత తానే రాసింది, కొంచెం వంకర పోయింది గానీ క లాగే ఉంది.

"చానా తేలికే అక్కా ఇది," అంది.

తేలికేనమ్మా, అన్నాను.